అలమేలత్త వేసిన విత్తనం

పోయిన నెల మా అన్న కొడుకు గోపాలు వాకిట్లో బండి ఆపి, హెల్మెట్ కూడా తీయకుండా శుభవార్త చెప్పాడు. "అత్తా, ఈ తూరి సేత్తూరు చేనులో చిన్న ఎర్రగడ్డకి గడ్డ నాటలేదు. డబ్బా విత్తనం తెచ్చి నారు పోసినాను. బాగా లేచింది. శుక్రవారం మంచి గడియ, నల్ల నేరం చూసి నాటుతా ఉండాము, మీరు కండిప్పా రావాల. మన ఇంట్లో విత్తనంతో ఎర్రగడ్డ పెట్టేది ఇదే మొదలు." వాడి మొహం వెలిగిపోతోంది. కాఫీ ఇచ్చాను, వస్తానన్నాను, పంపించాను. వాడు సందు మలుపు తిరిగేదాకా నవ్వు మొహంతోనే నిలబడ్డాను. లోపలికి వచ్చాక మాత్రం ఒళ్ళు మండిపోయింది. మొదలట. ఆ ఇంట్లో వాడు పుట్టకముందే, వాడి నాయన లాగులు వేసుకుని తిరిగే రోజుల్లోనే, విత్తనం వేసి ఎర్రగడ్డ పండించిన మనిషి ఒకతె ఉంది. ఆమె పేరు అలమేలు. మా నాయనకు చెల్లెలు, నాకు మేనత్త. అప్పటికి గోపాలుకు ఆ సంగతి తెలియదు. తెలియకపోవడం వాడి తప్పు కాదు, చెప్పకుండా దాచినవాళ్ళది. ఇంక ఎవరూ చెప్పేలా లేరు గనుక నేనే రాస్తున్నాను.

మా రాజపాళయంలో మేము ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బళ్ళో తమిళం చదువుకుంటాం. తెలుగు అక్షరాలు నేను పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను. "ఈ వయసులో ఇదెందుకు నీకు" అని అందరూ అడిగారు. ఇదిగో, ఇందుకు.

పుస్తకాల్లో చిన్న ఉల్లి అని రాసేదాన్ని మేము చిన్న ఎర్రగడ్డ అంటాం. సాంబారులో పొట్టు తీసి అలాగే వేసేది. దాన్ని పండించడానికి రెండు దారులు. ఒకటి గడ్డ నాటడం. కిందటి పంటలోంచి మంచి గడ్డలు ఏరి దాచుకుని, వాటినే విడదీసి బోదెల పక్కన గుచ్చుతాం. ఒక్క గడ్డ నాటితే దాని చుట్టూ నాలుగైదు పిల్లలు పుడతాయి, రెండు నెలలు దాటగానే పంట చేతికొస్తుంది. రెండోది విత్తనం. మొక్కను పూయనిచ్చి, ఆ పువ్వులోంచి నువ్వుల్లా నల్లగా రాలే గింజలు పట్టి, నారు పోసి, ఆ వెంట్రుకల్లాంటి నారును పీకి మళ్ళీ నాటాలి. అదంతా అయ్యేసరికి గడ్డ నాటినవాడు పంట అమ్మేసుకుని ఇంట్లో పడుకుని ఉంటాడు. అందుకని మా వైపు విత్తనం ఊసు ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. మా అవ్వ, అంటే నాయన తల్లి, గర్వంగా చెప్పుకునేది: "మా అత్త ఇచ్చిన గడ్డే ఇది. ఆమెకి ఆమె అత్త ఇచ్చింది." అది నిజమే. గడ్డకు పుట్టిన గడ్డ తల్లి నోట్లోంచి ఊడిపడినట్టే ఉంటుంది, రంగు మారదు, ఘాటు మారదు. తల్లికున్న రోగం కూడా మారదు, ఆ సంగతి మాత్రం అవ్వ చెప్పుకునేది కాదు.

దొడ్లో నిలవ గడ్డలకు పట్టరై ఉండేది. రాళ్ళ మీద ఎత్తుగా వెదురు పరిచి, చుట్టూ గాలాడేలా తడికలు కట్టి, పైన తాటాకు కప్పిన సన్నటి కొట్టం అది. బడి నుంచి వచ్చేసరికి ఆడవాళ్ళంతా దాని నీడలో కూర్చుని గడ్డల మీసాలూ ఎండు తోకలూ కోస్తూ ఉండేవాళ్ళు. ఎర్రటి పొరలు గాలికి ఎగిరి చీర కుచ్చిళ్ళలో, కాఫీ గ్లాసుల్లో, మా జడల్లో పడేవి. ఆ వాసన చేతుల్లోంచి ఎంత కడిగినా పోదు. మిల్లు సంగు, అంటే సైరను, ఊదితే అవ్వ లేచి రాత్రి వంట చూడటానికి పోయేది. మిగిలిన పని అలమేలత్తది. ఏరడం అత్త, కోయడం అత్త, వారం వారం పట్టరైలో చెయ్యి పెట్టి మెత్తబడిన గడ్డను తీసి పారేయడం అత్త. గడ్డను చేత్తో నొక్కకుండా వేలితో తట్టి చెప్పేది, ఇది ఉంటుంది, ఇది పోతుంది అని. చేనులో కూడా పొద్దుటినుంచి సాయంత్రం దాకా వంగి నాటేది అత్తే. ఒక్క మొదటి గడ్డ తప్ప.

ఆ మొదటి గడ్డకు మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. చేను ఈశాన్యం మూల బోదెకు పసుపు నీళ్ళు చల్లి, కర్పూరం వెలిగించి, మెడలో తాళి ఉన్న ఆడది తూర్పుకు తిరిగి మొదటి గడ్డ గుచ్చాలి. ఆ తర్వాతే కూలి ఆడవాళ్ళు వంగాలి. తాత ఉన్నంతకాలం అవ్వ నాటింది. తాత పోయిన ఏడు, ఎవరూ చెప్పకుండానే, బుట్ట మా అమ్మ చేతికిచ్చి తాను గట్టు మీదకు పోయి నిలబడింది. అవ్వ సంగతిలో ఒప్పుకోవలసిన గొప్ప అదొక్కటే, నియమాన్ని ముందు తన మీదే పెట్టుకుంది. అత్త పెళ్ళయిన రెండేళ్ళకే మొగుడు పోయి పుట్టింటికి వచ్చిన మనిషి. గడ్డ నాటే రోజు కర్పూరం ఆరేదాకా ఆమె చేనులోకే దిగకూడదు, పంప్‌సెట్ గది వెనకాల ఉండాలి. మొదటి గడ్డ మట్టిలోకి పోయాక ఎవరో ఒకరు "రావే అలమేలూ" అని కేకేసేవాళ్ళు. అప్పుడొచ్చి సాయంత్రం దాకా నడుం ఎత్తకుండా నాటేది.

చలి నెలల్లో కొన్ని మొక్కలు పువ్వు కాడలు వేస్తాయి. పువ్వు లేచిన గడ్డ నడుమ గట్టి కాడ మిగిలి నిలవకు పనికిరాదు. అవ్వ వాటిని పీకించి గట్టు మీద వేయించేది. లేత కాడలు మేము ఏరుకుని వేపుడుకు తెచ్చుకునేవాళ్ళం. ఒక ఏడు అత్త అలా పీకేసిన మొక్కలు వేరు చెడకుండా తడి గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చింది. దొడ్లో బట్టలుతికే బండ పక్కన, సబ్బు నీళ్ళు తగలని చోట పాదు చేసి నాటింది. ఎందుకత్తా అని అడిగితే, "ఇవి ఏమి చేస్తాయో చూస్తాము పాపా, సుమ్మా" అంది. ఆ 'సుమ్మా' మాట నేను అప్పుడే నమ్మలేదు. అత్త ఊరికే చేసిన పని ఏదీ లేదు.

తెల్లటి పూలు గుండ్రంగా విచ్చాయి. గింజ రాలిపోకుండా పట్టుకోవాలంటే గుడ్డ కట్టాలి. మాకు గుడ్డకేం కొదవ, సత్రపట్టిలో ఇంటింటా ఆసుపత్రి కట్టు గుడ్డ నేస్తారు. అక్కడ మగ్గాలున్న చుట్టాల ఇంటికి అత్తా నేనూ టౌన్ బస్సులో పోయి చిరుగు ముక్కలు తెచ్చాము. పువ్వు పువ్వుకూ కట్టు కట్టాము. తోట చూడటానికి దెబ్బలు తిన్న తలకాయలు వరసగా నిలబడ్డట్టుంది. నాయన పళ్ళు తోముకుంటూ వచ్చి చూసి, "ఏమి అలమేలూ, వార్డు తెరిచినావా" అని నవ్వాడు. నెల తర్వాత విప్పి చూస్తే ఒక్క గింజ లేదు, ఉత్త పొట్టు. పూలు విచ్చుతుండగానే మేము కట్టేశాం కదా, తేనెటీగ వాలేదెట్లా, గింజ పట్టేదెట్లా. ఏ దేశంలోనైనా ఇంకొకరు ఈ తప్పు చేసి ఉంటారని నేననుకోను. చుట్టాలంతా కట్టు గుడ్డ నేసేవాళ్ళే కావాలి అలాంటి తెలివి రావడానికి. అవ్వ నవ్వలేదు, తృప్తిగా తలాడించింది. "పూసింది గాని కాసిందా? దాని రాత అట్ల ఉండాది," అంది. అది ఎర్రగడ్డను గురించి అన్నదేనని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను. పిల్లలు లేని కూతురు పక్కనే నిలబడి వింటోంది.

మరుసటి ఏడు అత్త మళ్ళీ నాటింది. ఈసారి పూల మీద తేనెటీగలు ముసిరి, పూలు వాడి, ఆకుపచ్చ కాయలు కట్టాకే గుడ్డ కట్టింది. విప్పినప్పుడు గుడ్డలో నల్ల గింజలు గలగలమన్నాయి. అత్త వాటిని అరచేతిలో పోసుకుని ఊది పొట్టు ఎగరగొట్టింది. నారు పోసింది, గడ్డిలో నారు ఏదో నారులో గడ్డి ఏదో తెలియక ఇద్దరం కళ్ళు పొడుచుకున్నాం. గడ్డలు వచ్చాయి. అవ్వ గడ్డలా నాలుగైదు పిల్లలు లేవు, ఒంటి గడ్డలే ఎక్కువ, కొన్ని రెండు. ఒకటి ముదురు ఎరుపు, ఒకటి గులాబి, ఒకటి తెల్లగా పాలిపోయి. "ఒక తల్లి పిల్లలేనా ఇవి," అని అవ్వ ఎగతాళి చేసింది. అత్త, "ఎవరి ముఖం వాటిది. ఉండనీ," అంది. గింజ ఏడాది దాటితే మొలవదని కూడా ఒక ఏడు పోగొట్టుకుని తెలుసుకుంది. అప్పటినుంచి ఏటా కొన్ని పూయించేది, గింజ పట్టేది, పాదు కాస్త పెంచేది. పండిన గడ్డలు కట్టలు కట్టి వంటింటి అటక మీద పొగ తగిలేలా వేలాడదీసేది. అవి కూరలోకి ఇవ్వమంటే ఇచ్చేది, కానీ అడిగి తీసుకోవాలి. ఆ ఇంట్లో ఆమెను అడిగి తీసుకోవలసిన వస్తువు అంతవరకు ఇంకొకటి లేదు.

అలా కొన్నేళ్ళు గడిచాక ఒకసారి కాలం కాని కాలంలో వాన పట్టుకుంది. కొండ కనబడకుండా రోజుల తరబడి కురిసింది. తాటాకు కారింది, పట్టరైలో గడ్డలు ఉడికినట్టు మెత్తబడ్డాయి. కుళ్ళిన ఎర్రగడ్డ వాసన తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. చుట్టుపక్కల అందరిదీ అదే గతి, అడుక్కుందామన్నా ఎవరి దగ్గరా నాటే గడ్డ లేదు. నాలుగు తరాల గడ్డ అని చెప్పుకున్న అవ్వ, ఆ ముద్దను తట్టల్లో ఎత్తి పారబోస్తుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. నాకు అవ్వ మీద జాలి వేసింది, నిజమే. ఆ జాలి రెండు రోజులే నిలిచింది.

మూడో రోజు అవ్వ వంటింట్లో నిచ్చెన వేయించింది. అటక మీద అత్త గడ్డలున్నాయి, పొగకు ఎండి గలగలలాడుతూ. చేను మొత్తానికి చాలవు, బావి పక్క ముక్కకు చాలుతాయి, అది పండితే మళ్ళీ నాటే గడ్డ నిలబడుతుంది. నిచ్చెన మొదటి మెట్టు మీద అత్త కూర్చుంది. నేను గుమ్మంలో ఉన్నాను, అమ్మ పొయ్యి దగ్గర ఉంది. ఆ మాటలు నాకు ఇప్పటికీ అక్షరం పోకుండా గుర్తున్నాయి.

"లేవే. గడ్డ దించాల," అంది అవ్వ.

"దించుకో. నేనే ఇస్తాను. మొదటి గడ్డ నేను నాటుతాను."

"నీకేమన్నా పట్టిందా? తాళి లేనిదానివి."

"మొదటిది తప్ప మిగతా చేనంతా ఇన్నేండ్లు నా చేతి మీదనే కదా పోయింది. ఆ గడ్డలకి తెలీలేదా నాకు తాళి లేదని?"

"నేను విడిచిపెట్టలేదా? మీ నాయన పోయిన ఏడు నేనుగా బుట్ట ఇచ్చేసినాను. ఎవరన్నా చెప్పినారా నాకు?"

"నువ్వు విడిచిపెట్టినావు. అది నీ ఇష్టం. నువ్వు విడిచినావని నేనెందుకు విడవాల?"

అవ్వ నాయనను పిలిచింది. ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి అన్నట్టు నాయన గుమ్మంలో నిలబడ్డాడు. చేను నాయనది, గడ్డ అత్తది, మాట అవ్వది. అత్త అన్నవైపు చూడను కూడా చూడలేదు. "నీకు మొదటిది ఇయ్యకపోతే ఏమి చేస్తావు?" అని అడిగాడు. "పొట్టు తీసి పులుసు పెడతాను. ఈ వీధంతా పిలిచి పోస్తాను," అంది. చేస్తుందని ఆ వంటింట్లో అందరికీ తెలుసు. నాయన తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "దాన్నే నాటనీ అమ్మా," అని బయటికి వెళ్ళిపోయాడు. మా నాయన మంచివాడని అందరూ అంటారు, నేనూ అంటాను. ఆ రోజు మాత్రం ఆయన చేసింది మంచితనం కాదు, ఇంకో దారి లేక ఒప్పుకున్నాడు. అత్తకు అదే కావాలి. దయతో ఇచ్చి ఉంటే ఆమె తీసుకునేది కాదు.

నాటే రోజు అవ్వ చేనుకు రాలేదు. కర్పూరం వెలిగించడానికి అమ్మ వెనకాడితే అత్తే వెలిగించింది. ముదురు ఎరుపు గడ్డ ఒకటి ఏరుకుని, తూర్పుకు తిరిగి, బోదె పక్కన బొటనవేలితో గుచ్చింది. అంతే. పిడుగు పడలేదు. కూలి ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, తర్వాత వంగారు. ఆ పంట విరగకాసిందని రాయాలని నాకూ ఆశగానే ఉంది. విరగకాయలేదు. నాశనమూ కాలేదు. మామూలుగా వచ్చింది, ఎప్పుడూ వచ్చినట్టే వచ్చింది. నా మట్టుకు నాకు అంతకన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. తాళి ఉన్న చెయ్యి నాటినా లేని చెయ్యి నాటినా మట్టికి తేడా తెలియలేదని ఆ చేను తేల్చి చెప్పింది. కానీ మా ఇంట్లో దాన్ని ఎవరూ వినలేదు. మరుసటి ఏడు నిలవ గడ్డ మళ్ళీ నిండుగా ఉంది, అత్తను అడగవలసిన అవసరం తీరింది, అవ్వ బుట్ట అమ్మ చేతికిచ్చింది, అత్తను పంప్‌సెట్ గది వెనక్కి పంపింది. అత్త పోలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత ఏ ఏడూ నాటే రోజున చేనుకు పోలేదు. "మొదటిదానికి పనికిరాని చెయ్యి రెండోదానికీ పనికిరాదు, మీరే నాటుకోండి," అని దొడ్లో తన పాదు దగ్గర కూర్చుంది. కడదాకా విత్తనంతోనే పండించుకుంది. ఆమె పోయిన ఏడు గింజ పట్టేవాళ్ళు లేక ఆ విత్తనం కూడా పోయింది. ఇంట్లో కథ మాత్రం ఇలా మిగిలింది: ఒకసారి వానకు గడ్డ కుళ్ళితే, అటక మీద ఉన్నదేదో తీసి నాటుకున్నాము. ఆ 'ఉన్నదేదో' ఎవరిదో ఎవరూ చెప్పరు.

ఇప్పుడు దొడ్డీ లేదు, పట్టరై ఉన్న చోట కార్లు నిలుపుతున్నారు. నాటే గడ్డ ధర పెరిగి రైతులంతా విత్తనం వైపు తిరిగారు, విత్తనం డబ్బాలో వస్తుంది, గడ్డలన్నీ ఒకే రంగు ఒకే సైజు. నాకు దాని మీద పేచీ లేదు. గడ్డ గొప్పదా విత్తనం గొప్పదా అని అడిగితే రెండూ ఎర్రగడ్డే అంటాను, సాంబారుకు రెండూ పనికొస్తాయి. గడ్డలో ఉన్నదే మళ్ళీ వస్తుంది, విత్తనంలో కొత్తది రావడానికి సందుంటుంది. అత్త ఆ సందు కోసం అన్నేళ్ళు నారులో గడ్డి ఏరింది. గోపాలు ఖర్చు తగ్గుతుందని వేశాడు. వేయనీ. మొదలు అనకుండా ఉంటే చాలు.

శుక్రవారం సేత్తూరు పోయాను. చేను గట్టు మీద పందిరి నీడలో నాకోసం ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంది, పక్కన సీసాలో నీళ్ళు, చిన్న టేబుల్ ఫ్యాన్ కూడా. మా ఆయన పోయి మూడేళ్ళవుతోంది. ఈ మూడేళ్ళలో మా వాళ్ళు నన్ను ఒక్క మాట అనలేదు. సీమంతమైతే "మీకు మోకాళ్ళ నొప్పి కదా, అక్కడ కూర్చోండి" అంటారు. పెళ్ళయితే "జనంలో నలిగిపోతారు, ముందు వరసలో కుర్చీ వేసినాము" అంటారు. హారతి పళ్ళెం నా ముందు నుంచి చాలా మర్యాదగా పక్కకు జరుగుతుంది. అప్పుడు అత్తను మొహం మీద అన్నారు, ఇప్పుడు నాకు కుర్చీ వేస్తున్నారు. రెండింట్లో అప్పటిదే నయమనిపిస్తుంది నాకు. మొహం మీద అన్నవాళ్ళకు మొహం మీద జవాబు చెప్పొచ్చు, కుర్చీతో ఏం పోట్లాడతాం.

కర్పూరం వెలిగించారు. గోపాలు పెళ్ళాం కవిత పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని, నారు కట్ట చేతిలో పట్టుకుని ఈశాన్యం మూల నిలబడింది. మంచి పిల్ల, కాలేజీలో పాఠాలు చెబుతుంది. నేను కుర్చీలోంచి లేచి చెప్పులు విడిచి తడి బోదెల్లోకి దిగాను. గోపాలు పరుగున వచ్చాడు.

"అత్తా, ఎందుకు మీకు కష్టం. వళుక్కుతుంది, జారిపడతారు. కూర్చోండి."

"కష్టమైతే నేను చెప్తాను లేరా," అన్నాను.

"అది కాదు అత్తా. నల్ల నేరం పోతా ఉండాది. కవిత నాటేస్తే అప్పురం మీరు ఎన్నయినా నాటండి."

"అప్పురం నాటేది మీ అలమేలవ్వ చాలా చేసింది. ఈ ఇంట్లో విత్తనంతో ఎర్రగడ్డ పెట్టింది ఆమె మొదలు, నువ్వు కాదు. దాన్ని సాయంత్రం కూర్చోబెట్టి చెప్తాను. ఇప్పుడు పక్కకి జరుగు."

కూలి ఆడవాళ్ళు గట్టు మీద వరసగా నిలబడి చూస్తున్నారు. వాళ్ళలోనూ బొట్టు లేనివాళ్ళు ఇద్దరున్నారు, సాయంత్రం దాకా ఆ చేనంతా నాటబోయేది వాళ్ళే. నేను కవిత ముందు చెయ్యి చాపాను. ఆ పిల్ల మొగుడి వైపు చూసింది.

"వాని ముఖం ఎందుకు చూస్తావు? నారు నీ చేతిలో కదా ఉండాది," అన్నాను.

కవిత కట్ట విప్పి ఒక మొక్క తీసి నా చేతిలో పెట్టింది. వంగితే మోకాళ్ళు నిజంగానే నొప్పి పుట్టాయి, వాళ్ళు అబద్ధమేమీ చెప్పలేదు. వేరు మడత పడకుండా బొటనవేలితో బోదెలోకి దించి, మట్టి అదిమి, నిలబడ్డాను.

"రెండోది నువ్వు నాటు," అన్నాను కవితతో.